నొప్పి మోసే చేప

చేప చస్తే నొప్పి పోతుంది. కాకినాడ రేవు పక్కనున్న జాలరిపేటలో ఈ మాటను శంకించే ఇల్లు లేదు. మనిషికి వచ్చిన బాధను తొట్టెలోని బుడగ చేప తన ఒంటి మీదికి లాక్కుంటుందనీ, మోయగలిగినంత మోసి, ఇక మోయలేనప్పుడు ఉబ్బి ప్రాణం విడుస్తుందనీ, అది పోయిన గడియ నుంచి మనిషి తేరుకుంటుందనీ అక్కడివాళ్ళు చెబుతారు. చెప్పడమే కాదు, కళ్ళారా చూశామంటారు. చిక్కంతా అక్కడే ఉంది. లేనిదాన్ని ఉందన్నవాడితో వాదించవచ్చు. ఉన్నదాన్నే చూసి, దానికి మరో కారణం అంటగట్టినవాడితో వాదించడం చాలా కష్టం.

వాళ్ళు చూసింది నూకరత్నాన్ని.

నూకరత్నం రేవులో చేపల వేలం పాడేది. బోటు ఒడ్డుకు చేరి గంపలు దిగగానే రాశి పక్కన నిలబడి ఆమె పాట ఎత్తుకుంటే ఐసు ఫ్యాక్టరీ దాకా వినిపించేది. ఒకనాడు వంజరం రాశి మీద ధర పెంచుతూ ఉండగా మాట మధ్యలో తెగిపోయింది. కుడి చెంపలో కరెంటు తీగ ముట్టించినట్టయింది. పాట ముగిసిందనుకొని కొనేవాళ్ళు సరుకు ఎత్తేశారు.

ఆ తీగ చెంపలోనే ఉండిపోయింది. ఫ్యాను గాలి తగిలినా, మంచినీళ్ళు పుక్కిలించినా, ఒక్క మాట పలికినా ముఖంలోని నరం భగ్గుమనేది. మాత్రలు వేసుకుంటే రోజంతా మత్తు. ఆపరేషన్‌కు ఆమె గుండె తట్టుకోదన్నారు. రేవంతా తన గొంతుతో నింపిన మనిషి, ఇంట్లో వేళ్ళతో సైగలు చేస్తూ, స్ట్రాతో గంజి పీల్చుకుంటూ ఉండిపోయింది. భర్త ధనరాజు బోటు మీద వారాల తరబడి సముద్రంలో ఉండేవాడు. ఇంట్లో ఆమెకు తోడు అత్త మసేనమ్మ.

డాక్టర్ హైమావతి ప్రయోగశాల ఉప్పుటేరు గట్టున ఉంది. సముద్రపు బుడగ చేపలో విషముంటుందని జాలర్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు. అయితే ఆ విషం చేప సొంతం కాదు, తిండితో పాటు ఒంట్లో చేరే సూక్ష్మజీవులది. హైమావతి అటువంటి సూక్ష్మజీవి ఒకదాన్ని ఏళ్ళ తరబడి మచ్చిక చేసింది. దాని విషంలోంచి కాటు తీసేసి, నరాన్ని జోకొట్టే గుణం మాత్రం మిగిల్చింది. ఆ జీవిని కేరళ నదుల్లో పుట్టే చిన్న మంచినీటి బుడగ చేప చర్మం మీద కాపురం పెట్టించింది. అక్కడ తప్ప అది ఇంకెక్కడా బతకలేదు. అది చేసే మందును సీసాలో పోస్తే పూట గడిచేసరికి ఉత్త నీళ్ళే. అందుకే మందుకు బదులు మందు చేసే చేపనే రోగి ఇంటికి పంపవలసి వచ్చింది.

మొదటి చేపను గాజు గ్లాసులో పెట్టుకొని తెచ్చినవాడు జోగారావు మాస్టారు. కాలేజీలో జంతుశాస్త్రం చెప్పి రిటైరైన మనిషి. ప్రయోగశాల తరపున రోగుల ఇళ్ళకు తిరిగి తొట్టెలు చూడటం ఆయన పని.

గ్లాసులోకి తొంగి చూసి మసేనమ్మ బుగ్గలు నొక్కుకుంది. "ఇదేటి మాస్టారూ, పెసరగింజకి కళ్ళు పెట్టినట్టుంది! వల్లో పడితే మావోళ్ళు ఒడ్డున పారేసే జాతి. కాకి కూడా ముట్టుకోదు. దీనికి అద్దాల మేడా?"

"మేడే కాదమ్మా, దీనికి పనిమనిషి కూడా కావాలి. అది మీరే."

"ఇన్నాళ్ళూ మొగుడికి చేశాను, కొడుక్కి చేశాను. ఇప్పుడు చేపకి చెయ్యాలా? కానివ్వండి, ఇదైనా చెప్పిన మాట వింటదేమో!"

నూకరత్నం నవ్వబోయి చెంప పట్టుకుంది.

మాస్టారు తొట్టె నిండా మొక్కలు నాటాడు. చేపకు దాక్కునే చోటు లేకపోతే భయం, భయపడితే జబ్బు. ఎండు మేత ముట్టదు, చిన్న నత్తలూ దోమపిల్లలూ కదులుతుంటేనే తింటుంది. జోడీ వేస్తే ఒకదాని తోక ఒకటి కొరుక్కుంటాయి కనక ఒంటరిగానే ఉంచాలి. ఉబ్బితే ముద్దుగా ఉంటుందని పిల్లలు అద్దం మీద కొట్టకూడదు, ఉబ్బడం ఆట కాదు, ప్రాణభయం. కడుపు లోపలికి పోయినా, అద్దాన్ని అంటుకొని పైకీ కిందికీ ఊరికే తిరుగుతున్నా ఫోన్ చేయాలి. ఇవన్నీ పని చేస్తూనే చెప్పి, చివరికి వడపోత డబ్బాలోంచి తెల్లని స్పాంజి తీసి చూపించాడు.

"దీన్ని మాత్రం కుళాయి కింద పెట్టకండి. వారానికి ఒకసారి నాలుగో వంతు నీళ్ళు తీస్తారు కదా, ఆ తీసిన నీళ్ళలోనే రెండుసార్లు పిండి మళ్ళీ పెట్టేయండి. దీనికి పట్టేది మురికి కాదు. చేప ఉచ్చతో పాటు నీళ్ళలోకి వదిలే విషాన్ని తినేసే జీవులు ఇందులోనే ఉంటాయి."

"అంటే చేప మీద ఒక పురుగు, స్పాంజిలో ఇంకో పురుగా? మా ఇల్లేటి, పురుగుల సత్రమా?" అంది మసేనమ్మ. కానీ శ్రద్ధగా విన్నది.

చేప చర్మం మీంచి నీళ్ళలోకి ఊరే మందును పీల్చుకునేలా రాత్రంతా తొట్టెలో వేలాడదీసిన పలచటి పట్టీని నూకరత్నం పొద్దున్నే పటకారుతో తీసి చెంపకు అంటించుకునేది. నొప్పి పూర్తిగా పోలేదు. మంట కాస్తా వేడిగా మారింది. మెత్తటి అన్నం తినగలిగింది. తలుపు చాటు నుంచి పిలిచినట్టు నెమ్మదిగా మాట్లాడగలిగింది. హైమావతి ఆశించిందీ అంతే.

అప్పుడు మొదటి చేప చనిపోయింది. కేరళ ఏట్లో పట్టి తెచ్చిన చేప అది, కడుపులో పురుగుతో వచ్చింది. మందు వేసి పురుగును పోగొట్టకుండా ఇంటికి పంపడం ప్రయోగశాల చేసిన పొరపాటు. అయితే పేట గుర్తు పెట్టుకున్నది ఆ పొరపాటును కాదు, ఆ మర్నాడు జరిగిన సంగతిని. చచ్చే ముందు చేప బంతిలా ఉబ్బింది. ఆ రాత్రి తొట్టెలో ఉన్న పట్టీని పెట్టుకున్న నూకరత్నం, పొద్దెక్కేసరికి చెంపను గట్టిగా రుద్దుకొని చూసుకుంది. ఏమీ లేదు. దోరజామకాయ కొరికింది. వీధి గుమ్మంలో నిలబడి, అమ్మడానికేమీ లేకపోయినా, ఒక పాట పూర్తిగా పాడింది. చుట్టుపక్కలవాళ్ళు పరుగెత్తుకొచ్చారు. రెండు రోజులు అలా గడిచింది. మూడోనాడు తీగ మళ్ళీ వచ్చి చేరింది, మునుపటికన్నా పదునుగా.

"మొత్తం మోయలేక చచ్చింది పాపం. మిగతాది ఇంకోటి మోస్తది," అంది మసేనమ్మ. మాట పేట దాటింది.

రెండో చేప అలాగే ఉబ్బి చచ్చింది. మళ్ళీ రెండు రోజుల సుఖం, ఆ వెనక మరింత నొప్పి. మూడోదీ అంతే. ఫోన్ అందుకొని మాస్టారు మర్నాడు వచ్చేసరికి చేపను పసుపు గుడ్డలో చుట్టి సముద్రంలో కలిపేసి ఉండేవారు. తొట్టె మాత్రం అద్దంలా మెరిసిపోతూ ఉండేది. ఆయన గాజు గొట్టంలోకి కాసిని నీళ్ళు తీసుకొని పరీక్ష మందు చుక్కలు వేసి చూస్తే ప్రతిసారీ పసుపు రంగే. నీళ్ళలో విషం లేదని అర్థం.

"ఇంత శుభ్రంగా మా ప్రయోగశాలలో కూడా ఉంచరమ్మా," అన్నాడాయన, మూడోసారి.

మసేనమ్మ మురిసిపోయింది.

*

ప్రయోగశాలలో హైమావతి వాడేసిన పట్టీలను కొలుస్తోంది. ఒక్కో పట్టీలో మిగిలిన మందు జాడ ఎంతో యంత్రం చెబుతుంది. మూడు చేపల కథనూ ఆమె తెర మీద మూడు గీతలుగా గీసింది.

"చచ్చే రోజు పట్టీ నిండిపోతోంది, చూశారా మాస్టారూ. ప్రాణభయంతో ఉబ్బినప్పుడు చర్మం బిగిసి, ఉన్న మందంతా ఒక్కసారే నీళ్ళలోకి వచ్చేస్తోంది. ఆమెకు ఆ సుఖం నిజమే. కానీ అంత మోతాదు తాగిన నరం, మత్తు దిగాక రెండింతలు రేగుతుంది. ఈ సంగతి బయటికి పొక్కితే జనం చేపల్ని కావాలని చంపుతారు."

"పొక్కక్కర్లేదు. ఆ పేటలోనే ఇంకో రోగి కొడుకు నత్తలు వేయడం మానేశాడు. ఎందుకయ్యా అంటే, 'మా నాన్న నొప్పి తొందరగా పోవాలి కదండీ' అన్నాడు. మంచి కొడుకే."

హైమావతి పక్కనున్న తొట్టెల వైపు చూసింది. ఆమె చేతి కింద పెరిగిన చేపల్లో చర్మం మీద ఆ జీవి నిలిచినవి కొన్నే. నూకరత్నానికి నాలుగోది ఇచ్చి వారం కాలేదు. అది పోతే ఇవ్వడానికి ఇంకొకటి లేదు. కొత్త తరం ఎదగాలంటే శీతాకాలం రావాలి.

మాస్టారు కళ్ళజోడు పైకి తోసి తెరకు దగ్గరగా వంగాడు. "చావు సంగతి పక్కన పెట్టండి. ఈ ముందు భాగం చూడండి. మొదటి చేప గీత చాలా రోజులు తిన్నగా వెళ్ళింది. రెండోదీ మూడోదీ ఇంట్లో అడుగుపెట్టిన రోజు నుంచే కిందికి దిగుతున్నాయి. నొప్పి మోసి మోసి అలిసిపోయే చేపయితే మొదట్లో బాగుండి తర్వాత కదా పడిపోవాలి? ఇవి వెళ్ళగానే జబ్బు పడ్డాయి. జబ్బు ఆ తొట్టెలో ఉంది."

"నీళ్ళు బాగున్నాయని మీరే కదా రాశారు?"

"రాశాను. చచ్చాక చూసిన నీళ్ళు అవి. బతికుండగా వెళ్ళినప్పుడు నత్తలిచ్చి వచ్చేశానే కానీ నీళ్ళు చూడలేదు." ఆయన నత్తల డబ్బా అందుకున్నాడు. "నేను వస్తానని వాళ్ళనుకోని రోజు వెళ్ళాలి. ఇవాళే వెళ్తాను."

*

వేట నిషేధం ముగిసిన వారం అది. తొలి బోట్లు మర్నాడు తెల్లవారి రేవుకు వస్తాయి. ఏ బోటు తొలి సరుకును ఎవరు పాడితే, ఏడాది పొడవునా ఆ బోటు పాట వాళ్ళదే. అది ఆ రేవు కట్టుబాటు. ధనరాజు పని చేసే బోటుతో పాటు మరో మూడు పెద్ద బోట్ల పాట నూకరత్నానిది. ఆమె నోరు విప్పకపోతే అవి అదే రేవులో పాడే, వరసకు తోడికోడలైన సూరమ్మకు పోతాయి. ఆ రాత్రికి చేప పోతే కోడలు పాడగలదని ఆశ పెట్టుకున్న మసేనమ్మ గుమ్మంలో మాస్టారిని చూసి కాస్త కంగారు పడింది.

"ఇయ్యాల మీ రోజు కాదు కదండీ?"

"నత్తలు తెచ్చానమ్మా."

చేప రంగు మసకబారి ఉంది. అద్దాన్ని అంటుకొని పైకీ కిందికీ తిరుగుతోంది. మాస్టారు గొట్టంలోకి నీళ్ళు తీసి చుక్కలు వేశాడు. పసుపు రంగు చూస్తుండగానే ఆకుపచ్చగా మారి, చిక్కబడింది. ఆయన వడపోత డబ్బా తెరిచి స్పాంజి బయటికి తీశాడు. గోధుమరంగు జిగురు పట్టి ఉండవలసిన స్పాంజి పసుపుపచ్చగా, మెత్తగా, పెళ్ళికూతురి చెయ్యిలా ఉంది. వాసన చూశాడు. పసుపు. మూడుసార్లు నీళ్ళు పరీక్షించిన మనిషి అంతవరకూ ఒక్కసారైనా ఆ డబ్బా మూత తీయలేదు.

"దీన్ని కడిగారా అమ్మా?"

"కడక్కపోతే ఎలాగండీ? చావు జరిగింది కదా. చేప పోయిన ప్రతిసారీ తొట్టె, రాళ్ళు, స్పాంజి అన్నీ పసుపు నీళ్ళతో కడిగి, కుళాయి నీళ్ళు పట్టాను. చావు నీళ్ళల్లోనే పిండమంటారేటి? మైల కాదూ?"

మాస్టారికి నవ్వూ రాలేదు, కోపమూ రాలేదు. "రోజూ గంపలకొద్దీ చచ్చిన చేపల్ని అమ్మే ఇంట్లో, ఒక్క చేప చావుకి మైలా?"

"అది సరుకు మాస్టారూ. ఇది ఇంట్లో మనిషి. నా కోడలి నొప్పి తీసుకుపోయిన ప్రాణం. దానికి మైల పట్టకపోతే నేను మనిషినేనా?"

మాస్టారు స్పాంజిని పక్కన పెట్టాడు. స్టూలు లాక్కొని కూర్చున్నాడు. గోడకు ఆనుకొని చెంప మీద చెయ్యి పెట్టుకున్న నూకరత్నం వైపు తిరిగి, ఏదీ దాచకుండా చెప్పాడు.

"రత్నమ్మా, చేపలు నీ నొప్పి మోయలేక చావలేదు. మొదటిది మా తప్పు వల్ల చచ్చింది. దాని మైల కడగడంతో స్పాంజిలోని జీవులు చచ్చాయి. అవి లేక, చేప తన ఉచ్చనీళ్ళలో తానే మాడిపోయింది. దానికి మళ్ళీ మైల కడిగారు. ఒక చేప చావు ఇంకో చేపను చంపుతూ వచ్చింది. ఇది కూడా రేపటి దాకా ఉండదు. కానీ ఇంకో మాట కూడా చెప్పాలి. దీన్ని ఇలాగే వదిలేస్తే రాత్రికి ఉబ్బుతుంది, పట్టీ నిండుతుంది. రేపు నువ్వు పాడగలవు. ఎల్లుండీ పాడగలవు. ఆ తర్వాత మా దగ్గర ఇవ్వడానికి చేప లేదు. దీన్ని ఇప్పుడే తీసుకెళ్ళి బాగు చేస్తే, అది కోలుకునేదాకా నీకు పట్టీ లేదు. రేపు పాటా లేదు."

మసేనమ్మ వెంటనే అంది: "చచ్చేదాన్ని చావనియ్యండి మాస్టారూ. నాలుగు బోట్లండీ! ఏడాది కూడు. దాన్ని కాపాడి నా కోడల్ని మూగదాన్ని చేస్తారా?"

"నేనేమీ చేయను. చేప మీ ఇంట్లో ఉంది."

నూకరత్నం చెంపను అరచేత్తో నొక్కిపట్టి, ఒక్కో మాటకూ కన్ను మూస్తూ, అత్తతో అంది: "అత్తా. సముద్రంలో రోజూ ఎన్ని చేపలు చస్తున్నాయి?"

"లెక్కేటే పిచ్చిదానా."

"సముద్రాన్ని ఎవరు కడుగుతున్నారు?"

మసేనమ్మ చూపు పసుపు పట్టిన స్పాంజి మీదికి పోయింది.

నూకరత్నం ఊపిరి తీసుకుంది. కంట్లోంచి నీళ్ళు కారుతున్నాయి. అది ఏడుపు కాదు, నరం. "రెండు రోజుల సరుకు కోసం పడవ అమ్ముకున్నోణ్ణి ఏమంటావు?"

"ఎదవంటాను."

నూకరత్నం చెంప మీది చెయ్యి తీసింది. లేచి, గాజు గ్లాసు తొట్టెలో ముంచి, వల వేయకుండా, చేపను నీళ్ళతో సహా పట్టి మాస్టారి చేతికిచ్చింది.

*

మర్నాడు తొలి బోట్ల సరుకు సూరమ్మ పాడింది. నాలుగు బోట్లూ ఆ ఏటికి ఆమెవయ్యాయి. నూకరత్నం రేవుకు వెళ్ళలేదు. వీధి తలుపు వేసుకొని, పాట వినిపించకుండా రెండు చెవులూ మూసుకొని కూర్చుందని తర్వాత మసేనమ్మ హైమావతితో చెప్పింది. ధనరాజు సముద్రం నుంచి వచ్చి సంగతి విని, భార్యనేమీ అనలేదు కానీ, మాస్టారు పలకరిస్తే చాలా రోజులు ముఖం తిప్పుకున్నాడు. ఆయన దాన్ని తప్పు పట్టలేదు. చేప బతుకుతుందన్న హామీ అప్పటికి ఆయన దగ్గర లేదు.

ప్రయోగశాలలో చేపను, విషాన్ని తినే జీవులు నిండిన పాత నీళ్ళ తొట్టెలో వదిలారు. మొదట రెండు రోజులు రాయి చాటు నుంచి కదల్లేదు. తర్వాత ఒక కన్ను ఇటూ ఒక కన్ను అటూ తిప్పుతూ బయటికొచ్చి, మొక్క కాడ మీద పాకుతున్న నత్తను చూసి, తల వంచి, ఒక్క పట్టు పట్టింది. హైమావతి ఆ రోజే మాస్టారికి ఫోన్ చేసింది.

దాన్ని తిరిగి తెచ్చినప్పుడు మాస్టారు ప్రయోగశాల తొట్టెలో నెలల పాటు నానిన స్పాంజి ఒకటి కూడా తెచ్చాడు. నల్లగా, జిగురుగా, బురద వాసన వేస్తోంది.

"ఛీఛీ, ఇదేటండీ, పంది పొర్లిన గుడ్డలాగుంది!" అంది మసేనమ్మ.

"మీ కోడలి మందు ఇందులో ఉందమ్మా."

"మందయితే అయింది కానీ, వాసన మాత్రం పందిదే." చీర కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకొని, తన చేత్తోనే దాన్ని డబ్బాలో సర్దింది. ఆ రోజు నుంచి ప్రతి శుక్రవారం తొట్టె అద్దాన్ని బయటి వైపు మాత్రం పసుపు నీళ్ళతో తుడిచి, లోపలికి పసుపు పోనివ్వడం మానేసింది. మాస్టారు అభ్యంతరం చెప్పలేదు. అద్దానికి బయటి వైపు పసుపు రాస్తే చేపకు పట్టదు.

పట్టీలో మందు మెల్లగా పెరిగింది. జామకాయ కొరికే సుఖం మళ్ళీ రాలేదు. వేడి మాత్రం రోజురోజుకూ తగ్గింది. వానలు ముగిసే వేళకు నూకరత్నం రేవు చివర, తెప్పల మీద వచ్చే చిల్లర సరుకు దగ్గర నిలబడటం మొదలుపెట్టింది. కవళ్ళ చేపలు, పీతలు, గంపలో అడుగున మిగిలిన రొయ్యలు. గొంతు ఐసు ఫ్యాక్టరీ దాకా వెళ్ళలేదు. ముందున్న పదిమందికి వినిపించింది. ఎదురుగా పెద్ద బోట్ల దగ్గర సూరమ్మ పాడుతూనే ఉంది. గాలి విసురుగా వచ్చినప్పుడు నూకరత్నం కొంగు చెంపకు అడ్డం పెట్టుకొని ఒక్క క్షణం ఆగి, ఆగిన ధర దగ్గరే మళ్ళీ అందుకునేది.

పేట మాత్రం తన మాట మార్చుకోలేదు. ఆమె పాట విన్నవాళ్ళు ఇంటికొచ్చి మసేనమ్మను పరామర్శ స్వరంతో అడిగేవాళ్ళు: "పాపం, మీ చేప ఎప్పుడు పోయింది?"

"ఎవరు చెప్పారే పోయిందని?" అని ఆమె వాళ్ళను చెయ్యి పట్టుకొని లోపలికి లాక్కెళ్ళేది. కొందరు చూసి కూడా, ఇది కొత్తదేమోననేవాళ్ళు.

కొత్తది కాదు. నూకరత్నం చెంపలో తీగ తగిలి ఏడాది దాటింది. నాలుగో చేప బతికే ఉంది.